పాత బండి ట్యాంకుకు తుప్పు పట్టిందా? పారెయ్యక్కర్లేదు

తెల్లారుజామునే పాలకేంద్రానికి వెళ్ళాలి. క్యాన్లు కట్టేశారు. కిక్కు కొడితే బండి పలుకుతుంది. వంద గజాలు పోయి ఆగిపోతుంది. మళ్ళీ కొడితే మళ్ళీ పలుకుతుంది, మళ్ళీ ఆగుతుంది. ప్లగ్గు మార్చారు, కార్బొరేటర్ కడిగించారు, వారం రోజులు బాగానే నడిచింది. తర్వాత మళ్ళీ అదే తంతు. మెకానిక్కుకు ఇచ్చిన డబ్బులు దండగ. ఎందుకంటే జబ్బు ఇంజనులో లేదు, ట్యాంకులో ఉంది.

వ్యవసాయం పేజీలో మోటారు సైకిలు గోల ఏమిటని కొందరు అడగొచ్చు. ఎరువు బస్తా తెచ్చేది, పశువులకు గడ్డి మోసేది, పాలు పోసి వచ్చేది, రాత్రి కరెంటు వస్తే మోటారు దగ్గరకు పరుగెత్తేది దీని మీదే. ఎడ్లకు జబ్బు చేస్తే రాసినట్టే దీనికీ రాయాలి.

ట్యాంకు మూత తీసి, పగటి వెలుతురులో అద్దం ముక్కతో ఎండను లోపలికి కొట్టి చూడండి. లోపల ఎర్రగా, పొలుసులు పొలుసులుగా కనిపిస్తే అదే తుప్పు. తెలంగాణ వైపు జంగు అంటారు. టార్చిలైటు చాలు, అగ్గిపుల్ల మాత్రం గీయకండి. నవ్వుకుంటారేమో, గీసినవాళ్ళు ఉన్నారు.

ఎందుకు పడుతుంది

సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పెట్రోలు పైన గాలి ఉంటుంది. గాలిలో తేమ ఉంటుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడు ఆ తేమ రేకుకు లోపలి వైపున చెమట పట్టినట్టు పడుతుంది. చుక్కలు కారి అడుగుకు చేరతాయి. నీరు పెట్రోలు కంటే బరువు కాబట్టి అడుగునే కూర్చుంటుంది. రేకుల షెడ్డు కింద, చెట్టు కింద నెలల తరబడి పెట్టిన బండికి ఇది ఎక్కువ. మూత రబ్బరు చిరిగిందంటే వాన నీరు కూడా దిగుతుంది.

ట్యాంకు ఆకారం కూడా ఒక కారణం. చాలా బండ్ల ట్యాంకు గుర్రం జీనులా చట్రం గొట్టానికి రెండు వైపులా దిగి ఉంటుంది. పెట్రోలు కాక్ ఒక వైపే ఉంటుంది. రెండో వైపు గుంటలో దిగిన నీరు ఎప్పటికీ కాక్ దాకా రాదు. ఏళ్ళ తరబడి అక్కడే ఉండి రేకును తినేస్తుంది. కన్నాలు ముందుగా పడేది అక్కడే, అడుగు అతుకు వెంబడి.

ఇప్పుడు పెట్రోలూ మారింది. 2023 ఫిబ్రవరిలో మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. 2025 నాటికి బంకుల్లో దాదాపు అంతటా అదే. ఇథనాల్ చెరకు నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి వస్తుంది. అంటే మనం అమ్మిన మొక్కజొన్నే తిరిగి మన ట్యాంకులోకి వస్తోందన్నమాట. మంచిదే. అయితే ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. కొద్దిపాటి నీరైతే పెట్రోలులో కలిపేసుకుంటుంది, అది ఇంజనులోంచి పోతుంది. నీరు మితిమీరితే మాత్రం ఇథనాల్, నీరు రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఆ అడుగు ద్రవం రేకుకు శత్రువు. రోజూ తిరిగే బండికి ఈ బాధ అంతగా లేదు. పొలం పనులు ముగిశాక మూల పెట్టే బండికే.

పాత రాజ్‌దూత్, పాత యెజ్డీ, టీవీఎస్ 50 లాంటి టూ స్ట్రోక్ బండ్లలో పెట్రోలులోనే ఆయిలు కలిపి పోస్తాం. ఆ ఆయిలు పూతలా అంటి రేకును కొంత కాపాడుతుంది. అందుకే ముప్పై ఏళ్ళ టూ స్ట్రోక్ ట్యాంకు లోపల ఒక్కోసారి ఆశ్చర్యంగా శుభ్రంగా ఉంటుంది. కానీ ఆయిలు ఎండి జిగురుగా, నల్లగా పేరుకుంటుంది. దాన్ని ముందు పోగొట్టకపోతే ఏ యాసిడ్ పోసినా తుప్పు దాకా చేరదు.

ముందు ఇది చదవండి

పెట్రోలు నిండుగా ఉన్న ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం. పెట్రోలు ద్రవంగా పేలదు, ఆవిరి గాలితో కలిస్తేనే పేలుతుంది. గాలిలో ఆ ఆవిరి ఒకటిన్నర శాతం ఉన్నా చాలు, ఒక్క నిప్పు రవ్వ పడితే ట్యాంకు బాంబే. పెట్రోలు పోసేసి పది రోజులైంది, వాసన కూడా రావటం లేదు అని కన్నానికి వెల్డింగు పెట్టించేవాళ్ళున్నారు. తుప్పు పొరల కింద, అతుకుల్లో నానిన పెట్రోలు గ్యాసు మంట వేడికి మళ్ళీ ఆవిరవుతుంది. మా మండల కేంద్రంలో వెల్డింగు చేసే ఒకాయనకు ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలిన మచ్చలు. స్కూటరు ట్యాంకు వల్లే. అప్పటినుంచీ ట్యాంకు తెస్తే ముందు నీళ్ళు నింపుకు రమ్మంటాడు. నీళ్ళు నింపితే ఆవిరికి చోటుండదు. కన్నం ఉన్న చోటు పైకి వచ్చేలా తిప్పి, ఆ చోటు దగ్గర అంగుళం మేర మాత్రమే నీరు తగ్గించి మాటు వెయ్యాలి. ఇది చేతనైన వాడి పని. ఇంట్లో ప్రయత్నించొద్దు.

ఆరుబయట చెయ్యండి. పొయ్యి, బీడీ, కరెంటు స్టార్టరు దగ్గర లేకుండా చూసుకోండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతుంది. పది గజాల దూరంలో ఉన్న పొయ్యి దాకా పోగలదు. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. పిల్లల్ని, పశువుల్ని ఆ వైపు రానివ్వొద్దు.

విప్పడం, కడగడం

కాక్ మూసి, గొట్టం లాగేసి, పెట్రోలు డబ్బాలోకి దించండి. ఆ పెట్రోలు కొంచెం గాజు సీసాలో పోసి పావుగంట కదపకుండా ఉంచితే నీరు ఉంటే అడుగున గీతలా విడిపోయి కనిపిస్తుంది. సీటు తీసి, ట్యాంకు వెనక బోల్టు విప్పితే చాలా బండ్లకు ట్యాంకు ముందు రబ్బర్ల మీంచి వెనక్కి జారి వచ్చేస్తుంది. కాక్, పెట్రోలు మీటరు తేలుడు, మూత అన్నీ తీసేయాలి. యాసిడ్ తగిలితే వాటి రబ్బర్లు, ఇత్తడి పాడవుతాయి. కాక్ జాలీలో చూస్తే ఎర్ర మట్టిలాంటిది కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ కార్బొరేటర్ జెట్టును మూసింది అదే.

అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుప రేకు. అంటుకోకపోతే ప్లాస్టిక్కో అల్యూమినియమో అయి ఉంటుంది. అలాంటి దానికి ఈ పద్ధతి వద్దు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో చాలావాటికి పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. వాటి జోలికి కూడా పోవద్దు, కంపెనీ మెకానిక్కుకే వదిలేయండి.

బట్టల పొడి, వేడి నీళ్ళు పోసి రెండు మూడు సార్లు బాగా గిలకరించి పారబోయాలి. టూ స్ట్రోక్ ట్యాంకైతే ఐదారు సార్లు. కడిగిన నీళ్ళ మీద నూనె తెట్టు కట్టడం ఆగిపోయేదాకా.

తర్వాత పొలుసులు రాల్చాలి. కొందరు కంకర, ఇసుక పోస్తారు. నాకు నచ్చని పని. ఇసుక అతుకుల్లో ఇరుక్కుంటే ఏడాది దాకా వస్తూనే ఉంటుంది. చిన్న నట్లు లెక్కపెట్టి వేసి, నీళ్ళు, పొడి కలిపి, మూతి గట్టిగా కట్టి, ట్యాంకును బొంతలో చుట్టి అటూ ఇటూ దొర్లించండి. లెక్క కాయితం మీద రాసుకోండి. నేను 40 వేస్తే 39 వచ్చాయి. మిగిలిన ఒక్క నట్టు కోసం మధ్యాహ్నం భోజనం మానేసి తిప్పాను, చివరికి ఆ రెండో వైపు గుంటలో దొరికింది. ఇంతకంటే తెలివైన పని పాత సైకిలు చెయిను. ఒక చివర తీగ కట్టి, తీగ బయటే ఉంచి లోపలికి వదలండి. గంటసేపు కదిపాక తీగ పట్టి లాగితే మొత్తం వచ్చేస్తుంది. సిమెంటు కలిపే మిల్లరుకు ట్యాంకును కట్టి తిప్పించేవాళ్ళూ ఉన్నారు. రంగు చెడిపోతే నన్ననవద్దు.

తుప్పు తినే మందు

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. పదిహేనేళ్ళ కిందట నేనూ చేశాను. మా నాన్నగారి రాజ్‌దూత్ ట్యాంకులో బాత్‌రూములు కడిగే యాసిడ్ పోశాను. బుసబుస పొంగింది, అరగంటలో తుప్పు పోయింది. సంబరపడ్డాను. కడిగి ఆరబెట్టేసరికి తెల్లగా ఉన్న రేకంతా పసుపు రంగుకు తిరిగి, సాయంత్రానికి మళ్ళీ ఎర్రబడింది. అదీ చాలక, పల్చబడ్డ అడుగున మూడు కన్నాలు. ఆ యాసిడ్‌కు తుప్పు, మంచి రేకు అనే తేడా తెలియదు. రెండూ తింటుంది. మూతి చుట్టూ రంగూ పొక్కిపోయింది.

పల్లెల్లో తేలిగ్గా దొరికేది నిమ్మ ఉప్పు. కిరాణా కొట్లో ఉంటుంది. లీటరు నీటికి 60 గ్రాముల నుంచి 80 గ్రాముల దాకా కలపండి. చాలా బండ్ల ట్యాంకులు 10 నుంచి 14 లీటర్లు పడతాయి కాబట్టి కిలో దాకా కావాలి. వేడి నీటిలో కలిపితే పని త్వరగా అవుతుంది. అడుగు కన్నాలకు రబ్బరు ముక్క, రేకు పలక, బోల్టు పెట్టి బిగించండి. పాత సైకిలు ట్యూబు ముక్క ఇందుకు భేషుగ్గా ఉంటుంది. మూతి దాకా నింపాలి. సగం పోస్తే గాలి తగిలే భాగం అలాగే ఉండిపోతుంది. మూతి బిగించొద్దు, గుడ్డ మాత్రం కప్పండి. యాసిడ్ ఇనుము మీద పనిచేసినప్పుడు హైడ్రోజన్ గ్యాసు వస్తుంది, దానికీ నిప్పు పనికిరాదు. రాత్రి పోసి తెల్లారి చూడండి. పన్నెండు గంటల్లో తేలిక తుప్పు పోతుంది, మొండిదైతే ఒక రోజు పడుతుంది. పోకపోతే పాతది పారబోసి కొత్తది కలపండి. అంతేగాని వారం రోజులు అలాగే వదిలేయకూడదు. నిమ్మ ఉప్పు మెతకదే అయినా ఎక్కువ కాలం ఉంటే రేకును తింటుంది.

ఫాస్ఫారిక్ యాసిడ్ ఇంకా మంచిది. రంగులమ్మే షాపుల్లో తుప్పు పోగొట్టే మందు పేరుతో అమ్మేవాటిలో చాలావాటిలో ఉండేది ఇదే. తుప్పును కరిగించడంతో పాటు రేకు మీద సన్నటి బూడిద రంగు ఫాస్ఫేటు పొర వదులుతుంది. ఆ పొర వెంటనే తుప్పు పట్టకుండా ఆపుతుంది, తర్వాత వేసే పూత పట్టుకోవడానికీ ఉపయోగపడుతుంది. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం నీటితో కలపండి. ఏ యాసిడ్ అయినా నీటిలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీరు పోయకూడదు, చిమ్ముతుంది. బ్లీచింగ్ పౌడరుతో ఏదీ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

తొందర లేనివారికి బెల్లపు మడ్డి ఉంది. ఒక పాలు మడ్డికి తొమ్మిది పాళ్ళు నీరు కలిపి నింపి, వారం నుంచి రెండు వారాలు ఉంచితే తుప్పును మెల్లగా పట్టి లాగేస్తుంది. మంచి రేకు జోలికి పెద్దగా పోదు. అనకాపల్లి వైపు బెల్లం వండే వారికి ఇది తేలిక. కంపు, ఈగలు మాత్రం భరించాలి. బ్యాటరీ చార్జరుతో తుప్పు తీసే పద్ధతి కూడా ఉంది. ట్యాంకుకు నెగటివు, లోపల తగలకుండా వేలాడదీసిన ఇనుప కడ్డీకి పాజిటివు ఇచ్చి, చాకలి సోడా నీటిలో నడుపుతారు. కడ్డీ ట్యాంకుకు తగిలితే షార్టు అవుతుంది, దానికి తోడు హైడ్రోజన్. స్టీలు కడ్డీ వాడితే నీటిలోకి విషపూరితమైన క్రోమియం చేరుతుంది. తెలిసినవాళ్ళు పక్కన లేకుండా ఇది వద్దు.

ఆరబెట్టడంలోనే అసలు పని

యాసిడ్ తీసిన రేకు గాలి తగిలితే చాలు, కళ్ళముందే ఎర్రబడుతుంది. కాబట్టి కావలసినవన్నీ ముందే దగ్గర పెట్టుకుని మొదలెట్టాలి. యాసిడ్ దించగానే మంచి నీటితో ఒకసారి, లీటరుకు రెండు చెంచాల తినే సోడా కలిపిన నీటితో ఒకసారి, మళ్ళీ మంచి నీటితో రెండుసార్లు కడగండి. ఫాస్ఫారిక్ వాడి, వెంటనే సీలరు వేసేట్టయితే సోడా సంగతి సీలరు డబ్బా మీద చూడండి. కొన్ని సీలర్లకు ఆ పొర అవసరం. చివరి కడుగు బాగా వేడి నీటితో కడిగితే రేకు వేడెక్కి తడి త్వరగా ఆరుతుంది. ఆ వెంటనే గాలి పట్టాలి. పంక్చరు షాపు కంప్రెసరు గాలిలో కూడా నీరుంటుంది, ముందు దాని అడుగు కాక్ విప్పి నీరు వదలమని చెప్పండి. ఎండాకాలమైతే మూతి కిందికి పెట్టి ఎండలో ఉంచితే గంటలో ఆరుతుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోకపోవడం మేలు. స్పిరిట్టు పోసి గిలకరించి తడి లాగే పద్ధతి ఉంది గానీ, ఆ తర్వాత వేడి గాలి యంత్రం పెట్టకూడదు. స్పిరిట్టు ఆవిరీ అంటుకుంటుంది.

లోపల తెల్లగా, కన్నాల్లేకుండా ఉంటే ఇక్కడితో ఆపేయండి. అర లీటరు పెట్రోలులో వంద మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు కలిపి లోపలంతా తిప్పి పారబోసి, వెంటనే పెట్రోలు నింపి వాడుకోండి. రోజూ తిరిగే బండికి ఇది చాలు. పూత వేస్తే ఇంకా గట్టి కదా అని అడుగుతారు. నా మట్టుకు, అవసరం లేని చోట పూత వెయ్యొద్దనే చెబుతాను. సరిగా అంటుకోని పూత రెండేళ్ళకు అట్టలు అట్టలుగా లేచి కాక్‌కు అడ్డం పడుతుంది. దాన్ని మళ్ళీ గీకి తీయడం తుప్పు తీయడం కంటే పదింతల కష్టం.

పూత ఎవరికి, ఎలా

సూది కన్నాలు పడ్డవి, గుంటలు గుంటలుగా రేకు తినేసినవి, అతుకు దగ్గర చెమర్చేవి, వీటికి పూత అవసరం. దారిలో కారితే తడి సబ్బు రుద్ది ఇంటికి చేరటం అందరికీ తెలిసిందే. సబ్బు పెట్రోలులో కరగదు. బయట ఎం-సీల్ అద్దడం కూడా తాత్కాలికమే. వేలుతో నొక్కితే రేకు లోపలికి పోతుంటే ఏ పూతా ఆదుకోదు, ట్యాంకు మార్చాల్సిందే.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. ఇప్పటికీ తయారవుతున్న మామూలు వంద సీసీ బండికి కొత్త ట్యాంకు ఎక్కడైనా దొరుకుతుంది. దానికి పూత ఖర్చు, నాలుగు రోజుల శ్రమ గిట్టవు. ఆర్ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. యెజ్డీలు చేసిన మైసూరు ఐడియల్ జావా కంపెనీ కూడా ఆ ఏడే మూతపడింది. యెజ్డీ పేరుతో 2022లో కొత్త బండ్లు వచ్చినా పాత వాటికి ఆ ట్యాంకు సరిపడదు. ఇలాంటి వాటికి పాత ట్యాంకును బతికించుకోవడమే దారి.

కొనేటప్పుడు రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ రకం, ఇథనాల్ పెట్రోలుకు ఆగుతుందని డబ్బా మీద రాసి ఉన్నది అడగండి. ఇథనాల్ లేని రోజుల్లో తయారైన కొన్ని రకాలు ఇప్పటి పెట్రోలులో మెత్తబడి ఊడిపోతాయి. మామూలు పెయింటు, వార్నిషు పోయడం శుద్ధ దండగ.

ట్యాంకు ఎముకలా ఆరి ఉండాలి, ఒక్క తడి చుక్క ఉన్నా ఆ చోట పూత పట్టదు. కాక్ రంధ్రంలో గ్రీజు పూసిన బోల్టు బిగించండి, లేకపోతే మరలు పూతతో పూడుకుపోతాయి. లోపల గాలి గొట్టం, వాన నీటి గొట్టం ఉంటే వాటినీ మూయాలి. బయట రంగు మీద కాయితం అంటించండి. రెండు మందులూ చెప్పిన పాళ్ళలో కలిపాక మన ఎండలకు త్వరగా గట్టిపడుతుంది, అందుకని పొద్దున్నే చల్లవేళ మొదలెట్టాలి. పోసి, మూతి మూసి, ట్యాంకును ఒకవైపు కాసేపు, ఇంకోవైపు కాసేపు మెల్లగా తిప్పుతూ అన్ని మూలలకూ పారించండి. గబగబా ఊపితే బుడగలు వస్తాయి. పావుగంట తర్వాత కాక్ వైపు కిందికి పెట్టి మిగిలింది మొత్తం కార్చెయ్యండి. దీన్ని చాలామంది పట్టించుకోరు. గుంటలో మడుగు కట్టిన పూత లోపల పచ్చిగానే ఉండిపోతుంది, పెట్రోలు పోశాక అదే ముందు లేస్తుంది. మూత తెరిచి నీడలో గాలి తగిలేచోట ఉంచాలి. పైకి ఆరినట్టు కనిపించినా కనీసం నాలుగు రోజులు, డబ్బా మీద వారం అని ఉంటే వారం ఆగాలి. కోతలు ఉన్నాయి, బండి కావాలి అని రెండో రోజే పెట్రోలు పోసేస్తే మొత్తం కష్టం బూడిదలో పోసినట్టే.

కడిగిన నీళ్ళు

నిమ్మ ఉప్పు నీళ్ళయినా, సోడా నీళ్ళయినా అందులో పెట్రోలు జిడ్డు ఉంటుంది. బోదె కాలువలో, చెరువులో, బావి గట్టున పోయొద్దు. పశువుల కుడితి తొట్టి దగ్గర అసలే వద్దు. బెల్లపు మడ్డి నీళ్ళ తీపి వాసనకు గేదెలు మూతి పెడతాయి. యాసిడ్ నీళ్ళలో సోడా వేసి పొంగటం ఆగాక, నీటి వనరులకు దూరంగా గుంట తీసి పోసి కప్పండి. పాత పెట్రోలు విడిగా డబ్బాలో ఉంచి మెకానిక్కుకు ఇస్తే విడిభాగాలు కడుక్కుంటాడు.

బిగించేటప్పుడు

రబ్బరు గొట్టం కొత్తది వేయండి. పాత రబ్బర్లు ఇథనాల్‌కు గట్టిపడటమో ఉబ్బటమో జరుగుతుంది. కాక్ వాషరూ, మూత రబ్బరూ అంతే. మూతకున్న సన్నటి గాలి రంధ్రం సూదితో తెరిచి ఉంచాలి. అది మూసుకుపోతే పెట్రోలు దిగక బండి ఆగుతుంది, మీరు మళ్ళీ తుప్పునే తిడతారు. కార్బొరేటర్ గిన్నె, జెట్టు విప్పి కడిగించండి. కాక్‌కూ కార్బొరేటర్‌కూ మధ్య ఒక చిన్న ఫిల్టరు పెట్టించుకోండి, పారదర్శకంగా ఉండేదైతే లోపలి సంగతి బయటికే తెలుస్తుంది.

రెండు మూడు నెలలు బండి తీయని పని ఉంటే ట్యాంకు దాదాపు నిండా నింపి పెట్టండి. వేడికి పెట్రోలు పెరుగుతుంది కాబట్టి మూతి కింద రెండు వేళ్ళ ఖాళీ ఉండాలి. కాక్ మూసి కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజను నడపండి. పెట్రోలు పవరు స్ప్రేయర్లకు, గడ్డి కోసే యంత్రాలకు చిన్న ట్యాంకులు చాలావరకు ప్లాస్టిక్కువి. వాటికి తుప్పు బాధ లేదు కాబట్టి సీజను అయ్యాక పూర్తిగా ఖాళీ చేసి పెట్టుకోవచ్చు. ఇనుప ట్యాంకున్న పాత పెట్రోలు పంపుసెట్లకు మాత్రం బండికి చెప్పిందే వర్తిస్తుంది.

కొత్తగా బిగించాక మొదటి రెండు ట్యాంకుల పెట్రోలు అయ్యేదాకా ఫిల్టరు మీద కన్నేసి ఉంచండి. కొద్దిగా ఎర్ర పొడి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, మిగిలిపోయిన తుప్పు అది. ఫిల్టరు మార్చండి. తెల్లటి పొరల్లాంటివి వస్తుంటే పూత లేస్తోందని అర్థం, ఆ రోజే ట్యాంకు దించండి.